సన్‌పై: సూర్యుని చదివే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ – విడుదలలు, సహకర్తలు

చిక్కబళ్లాపురం జిల్లాలోని గౌరిబిదనూరు సమీపాన, ఉత్తర పినాకిని హిందూపురం దిశగా సాగే ప్రాంతంలో, వరుసలు దీరిన లోహపు ఏంటెన్నాలు కలవు. అద్దం లేదు, గోపురం లేదు. అయినను అది దూరదర్శినియే. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వారు అక్కడ 1997 నుండి రేడియో తరంగాల ద్వారా సూర్యుని కరోనాను చిత్రిస్తున్నారు. 'కాలిస్టో' అనే చిన్న రేడియో గ్రాహకం కూడ అక్కడ ఉన్నది. అనేక దేశాలలో నెలకొల్పిన ఇటువంటి గ్రాహకాలన్నీ ఒకే వల. ఇవి పదిహేను నిమిషాలకొక ఫైలు చొప్పున సూర్యుని రేడియో ధ్వనిని నమోదు చేస్తాయి. గౌరిబిదనూరు ఫైళ్ల పేర్లు 'గౌరి' అనే మాటతోనే మొదలగుట విశేషం.

ఫైలు ఉన్నంత మాత్రాన శాస్త్రం కాదు. అంకెల రాశిని చదివి, కాలాన్నీ తరంగదైర్ఘ్యాన్నీ సరిచూచి, పటంగా చూపగల సాధనం కావాలి. అటువంటి సాధనాలలో ప్రముఖమైనది 'సన్‌పై'. పైథాన్ భాషలో వ్రాసిన ఈ సాఫ్ట్‌వేర్‌కు 2011లో బీజం పడింది. దీని మూలరచన అందరికీ తెరిచి ఉంటుంది; ఎవరైనను ఉచితంగా వాడవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. కాలిస్టో ఫైళ్లను చదువుటకు దీనికి అనుబంధంగా 'రేడియోస్పెక్ట్రా' అనే భాగం ఉన్నది. 2023 సెప్టెంబరు 2న ఇస్రో ప్రయోగించిన ఆదిత్య-ఎల్1 నౌకలోని 'సూట్' దూరదర్శిని చిత్రాలను చదివే ఏర్పాటు కూడ సన్‌పైలో చేరింది. అదే నౌకలోని 'వెల్క్' పరికరాన్ని కూర్చినది చింతామణి నుండి బెంగుళూరు వెళ్లే దారిలోని హోసకోట ఆవరణలోనే.

తేదీ ముందు, సదుపాయం తరువాత

ఇటువంటి సాఫ్ట్‌వేర్ ఎన్నడూ పూర్తి కాదు. కొత్త పరికరం వస్తుంది, పాత లోపం బయటపడుతుంది. అందుచేత ఏ రోజున ఏ రూపాన్ని లోకానికి అందించాలన్నది పెద్ద ప్రశ్న. అనుకున్న పనులన్నీ ముగిశాకనే విడుదల చేయుట ఒక పద్ధతి. వినుటకు బాగుంటుంది గాని, ఒక్క పని ఆలస్యమైతే పూర్తయిన పది పనులు కూడ నెలల తరబడి మూలన పడి ఉంటాయి. తేదీని ముందుగా నిర్ణయించి, అప్పటికి సిద్ధమైనదానిని మాత్రమే విడుదల చేయుట రెండవ పద్ధతి. సన్‌పై ఈ రెండవ దారినే ఎంచుకొన్నది.

శిడ్లఘట్ట, చింతామణి పట్టు రైతులకు ఇది కొత్త కాదు. పురుగు పండే వేళకు చంద్రికలు సిద్ధంగా ఉండాలి. ఒక గదికి సున్నం పూయుట పూర్తి కాలేదని పురుగు ఆగదు. ఆ గది తరువాతి పంటకు పనికి వస్తుంది.

సన్‌పై ప్రణాళిక ప్రకారం సుమారు ఆరు నెలలకొక విడుదల. వీటిలో సున్నాతో ముగిసే సంఖ్య గలది, అనగా 6.0, 7.0 వంటిది, దీర్ఘకాలిక విడుదల. దానికి దాదాపు ఏడాది పాటు లోపాల సవరణలు అందుతాయి. కొత్త సదుపాయాలు మాత్రం చేరవు. విడుదలకు కొంత ముందు తలుపులు మూస్తారు. ఆపై కొత్తది చేర్చరు, పరీక్షించుటే పని. నమూనా విడుదలను వాడుకరుల చేతికిచ్చి చూస్తారు. ఏదైనా పాత ఆజ్ఞను తొలగించదలచినచో, ముందటి విడుదలలలోనే హెచ్చరిక కనబడేటట్లు చేస్తారు. ఈ మర్యాద అత్యవసరం. మూడేళ్ల క్రితం ఒక పరిశోధకుడు ప్రకటించిన ఫలితం, సాఫ్ట్‌వేర్ మారినంత మాత్రాన నేడు వేరుగా రాకూడదు కదా.

తన చేతిలో లేని తేదీలు కూడ ఉంటాయి. సన్‌పై తాను ఆస్ట్రోపై, నంపై అనే సాఫ్ట్‌వేర్‌ల మీద నిలబడినది; అవన్నీ పైథాన్ మీద ఆధారపడినవి. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. సన్‌పై 0.9 దానిని సమర్థించిన చివరి రూపం. 2019లో వెలువడిన 1.0 పైథాన్ 3కే పరిమితమైనది. నంపై 2006లో 1.0గా వచ్చి, 2024 జూన్‌లో 2.0 కాగా, దానిపై ఆధారపడిన సాఫ్ట్‌వేర్‌లన్నీ తమ రచనను సరిచూసుకొనవలసి వచ్చింది. శాస్త్రలోకమంతా వాడే నంపైకి తొలి ప్రత్యేక ధనసహాయం 2017లో గాని దక్కలేదనుట గమనార్హం. అంతవరకు అది ప్రధానంగా స్వచ్ఛంద శ్రమ మీదనే నడిచింది.

కొత్తవారు ఎట్లు వస్తారు

స్వచ్ఛంద శ్రమలోని చిక్కు ఇదే. ప్రధాన నిర్వాహకునికి ఉద్యోగం మారుతుంది, పీహెచ్‌డీ ముగుస్తుంది, బిడ్డ పుడుతుంది. అతనికి మాత్రమే తెలిసిన విషయం అతనితోనే పోతుంది. కనుక కొత్తవారిని తయారుచేయుట దాతృత్వం కాదు, ప్రాణరక్షణ. తొలిసారి వచ్చేవారి కొరకు సులభమైన లోపాలకు ప్రత్యేక గుర్తు పెట్టి ఉంచుతారు. పంపిన మార్పును స్వయంచాలక పరీక్షలు ముందుగా చూస్తాయి, పిదప పాతవారు వరుసవారీగా చదివి సలహాలిస్తారు. ఈ సమీక్షే అసలైన బడి. విడుదల తేదీ తెలిసి ఉండుట ఇక్కడ కూడ పనికివస్తుంది: తాను దిద్దిన నాలుగు పంక్తులు ఏ నెలలో లోకానికి చేరునో కొత్తవానికి ముందే తెలుస్తుంది, పేరు కూడ నమోదవుతుంది.

2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ పథకం ద్వారా సన్‌పైకి అనేకులు వచ్చారు. ఓపెన్‌ఆస్ట్రానమీ అనే ఉమ్మడి సంస్థ క్రింద ఈ అవకాశం లభిస్తున్నది. భృతి ఉన్నన్ని నెలలు పనిచేసి వెళ్లిపోయేవారే ఎక్కువనుట నిజం. నిలిచిన కొద్దిమందే నిర్వాహకులౌతారు. ఇటీవల కృత్రిమ మేధతో వ్రాయించి, తాము చదవకనే పంపే మార్పులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్వాహకుల కాలాన్ని హరిస్తున్నాయి. అటువంటి వాటికన్న, అర్థంకాని ఒక వివరణ వాక్యాన్ని తాను పడిన కష్టంతో సరిదిద్ది పంపిన విద్యార్థి మేలు.

బాగేపల్లి వైపు పల్లెలలో ఇంట తెలుగు, బడిలో కన్నడం, ఇంజనీరింగు కళాశాలలో ఇంగ్లీషు. సన్‌పై వివరణలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నవి. భాష కఠినమని జంకే బిడ్డకు వివరణల సవరణే తగిన తొలి మెట్టు. దానికి సౌరశాస్త్రం తెలియనక్కరలేదు. సమ్మర్ ఆఫ్ కోడ్‌లో 2022 నుండి కళాశాలలో చదువుతుండవలెనన్న నిబంధన లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, ఈ రంగానికి కొత్తవారైన పట్టభద్రులు కూడ అర్హులే. దరఖాస్తులు సాధారణంగా మార్చి, ఏప్రిల్ మాసాలలో స్వీకరిస్తారు. ఐతే ఆ తేదీ కొరకు వేచి ఉండక, అంతకు కొన్ని నెలల ముందే ఒకటి రెండు చిన్న సవరణలు పంపి నిర్వాహకులకు పరిచయమైనవారికే అవకాశం మెండు.