కోడి కంతి చెప్పిన కథ

బీర్కూరు వంటి పల్లెలలో పెరటి కోడికి గాయమైనచో కొలది దినములలోనే పూడుట అందరును చూచినదే. గాయపుటంచుల కణములు ప్రాకివచ్చి, ఒకదానినొకటి తాకగానే ఆగిపోవును. ఈ మర్యాదను కణము ఎట్లు మరచును? కంతి పుట్టుకకు మూలమైన ఈ ప్రశ్నకు మొదటి జవాబును కోడియే ఇచ్చినది.

1911లో న్యూయార్కు నగరమున పేటన్ రౌస్ అను వైద్యుడు కోడి కంతిని నూరి, కణములుగాని బాక్టీరియాగాని దాటలేని వడపోతలో వడగట్టి, ఆ రసమును అదే జాతి కోళ్ళకు ఎక్కించెను. వాటికిని కంతులు లేచినవి. వైరసు కంతిని పుట్టించునన్న మాట నాటి పండితులకు రుచింపలేదు. నోబెల్ బహుమానము ఆయనకు 1966లో, 87వ యేట దక్కెను!

1958లో టెమిన్, రూబిన్ అనువారు కోడిపిండపు కణములను పళ్ళెములలో పెంచిరి. ఆరోగ్యముగల కణములు పలుచని పొరగా పరచుకొని ఆగినవి. వైరసు సోకినవి గుండ్రబడి, ఒకదానిపై నొకటి యెక్కి కుప్పలైనవి. 1970లో స్టీవెన్ మార్టిన్ ఒక చిత్రమైన వైరసును పట్టుకొనెను. అది సోకిన కణములు తక్కువ వేడిమిలో అదుపు తప్పును. వేడిమి పెంచినచో మరల బుద్ధిగా నడచుకొనును. అనగా వైరసు ఒకమారు దెబ్బతీసి ఊరకుండుట లేదు. దాని జన్యువొకటి ఎడతెగక పనిచేయుచున్నది. ఆ జన్యువు వలన పుట్టు మాంసకృత్తు ఇతర మాంసకృత్తులకు ఫాస్ఫేటును తగిలించుచు, పెరుగుమను ఆజ్ఞను ఆపకుండ సాగించునని తరువాత తెలిసినది.

అసలు వింత 1976లో బయటపడెను. బిషప్, వార్మస్, వారి సహచరులు ఆ జన్యువు జాడను రోగమెరుగని కోడిలోనే కనుగొనిరి. వైరసు ఆయుధము కోడియింట దొంగిలించినదే!

ఇచ్చట మన ప్రాంతపు విద్యాలయమును తలచుట న్యాయము. ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది అమెరికాకు వెడలిన ఇ. ప్రేమకుమార్ రెడ్డి, సహచరులతో కూడి 1981లో చిట్టెలుకలకు కంతులు కలిగించు మొలోనీ సార్కోమా వైరసు జన్యులిపిని చదివెను. మరుసటి యేడు వారు మానవుని మూత్రాశయపు క్యాన్సరు కణములను పరిశీలించిరి. ఎలుకల వైరసులలో మొదట గుర్తించిన రాస్ జన్యువు అందును కలదు. దానిలో ఒక్క అక్షరము మారి, గ్లైసీను ఉండవలసిన చోట వాలీను చేరినది. వైరసు రాకయే మన జన్యువు దారి తప్పినది. మరికొన్ని ప్రయోగశాలలును ఆ యేడే ఈ సంగతి కనుగొనినవి.

క్యాన్సరు అంటునని రోగికి కంచము వేరుచేయు ఇండ్లు నేటికిని కలవు. ఆ భయము మాకు బాధ కలిగించును. సహపంక్తి భోజనమున క్యాన్సరు అంటదు. దానికి కారణమగు కొన్ని వైరసులు మాత్రము అంటును. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుకు కారణమగు పాపిలోమా వైరసు, కణమునకు కాపలా కాయు రెండు మాంసకృత్తులను పడగొట్టును. దానికి టీకా ఉన్నది. కాలేయపు క్యాన్సరుకు దారితీయు హెపటైటిస్-బి వైరసుకును ఉన్నది. దానిని మన దేశమున బిడ్డ పుట్టిన దినముననే వేయుచున్నారు.