సిరోసిస్‌లో రక్తపు వాంతులు: ఐసీయూలో రక్తం ఎంత ఎక్కించాలి

సిరోసిస్ ముదిరేకొద్దీ కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిరకు దారి ఇరుకైపోయి, ఆ రక్తం అన్నవాహిక అడుగున ఉన్న సన్నని సిరల్లోకి మళ్లుతుంది. ఒత్తిడికి అవి ఉబ్బి, గోడలు పలచబడి, చివరకు చిట్లుతాయి. రోగి బేసిన్ నిండా రక్తం కక్కుకుంటే బంధువులు బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తడం, పోయినంతా తిరిగి ఎక్కించమనడం సహజమే. అయితే ఈ జబ్బులో అవసరానికి మించి ఎక్కించిన రక్తమే మళ్లీ రక్తస్రావం తెచ్చిపెడుతుంది. నాళాల్లో రక్తం పెరిగితే పోర్టల్ పీడనమూ పెరిగి, అప్పుడే గడ్డకట్టి మూసుకున్న చిల్లు తెరుచుకుంటుంది.

బార్సిలోనాలో జరిగి 2013లో వెలువడిన అధ్యయనం దీన్ని రుజువు చేసింది. జీర్ణనాళం పైభాగంలో రక్తస్రావమైన 921 మందిలో ఒక జట్టుకు హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితేనే రక్తం ఎక్కించారు, రెండో జట్టుకు 9 కన్నా తగ్గగానే ఎక్కించారు. 6 వారాలకు మొదటి జట్టులో 95 శాతం, రెండో జట్టులో 91 శాతం బతికున్నారు. మళ్లీ రక్తస్రావమైనవారు మొదటి జట్టులో 10 శాతం, రెండో దానిలో 16 శాతం. ధారాళంగా ఎక్కించిన సిరోసిస్ రోగుల్లో పోర్టల్ పీడనం పెరిగినట్టు కొలతల్లోనే తేలింది.

ఆగకుండా రక్తం పోతున్నవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదన్న అభ్యంతరం న్యాయమైనదే. బీపీ పడిపోతున్న రోగికి 7 అనే అంకె కోసం ఎదురుచూడకూడదు. పోయేది మొత్తం రక్తమే కాబట్టి తొలి గంటల్లో హిమోగ్లోబిన్ పెద్దగా తగ్గదు, ఆ అంకె చూసి మోసపోతాం. గుండెజబ్బు ఉన్నవారికి హద్దు కాస్త పైన పెట్టుకోవాలి. కానీ రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని సూచించే ఐఎన్‌ఆర్ ఎక్కువగా ఉంది కాబట్టి ప్లాస్మా ఎక్కించాలన్న వాదన నిలవదు. కాలేయం రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లనూ తయారుచేస్తుంది, గడ్డకట్టకుండా ఆపేవాటినీ తయారుచేస్తుంది. జబ్బులో రెండూ తగ్గుతాయి. ఐఎన్‌ఆర్‌కు కనిపించేది మొదటి వర్గమే. ఆ అంకె దించడానికి నాలుగు ప్లాస్మా సంచులు ఎక్కిస్తే దాదాపు లీటరు ద్రవం పోర్టల్ సిర మీద భారమవుతుంది.

రక్తాన్ని నిజంగా ఆపేవి వేరే ఉన్నాయి. పోర్టల్ పీడనం తగ్గించే టెర్లిప్రెసిన్ లేదా ఆక్ట్రియోటైడ్‌ను ఎండోస్కోపీ కోసం ఆగకుండా మొదలుపెట్టాలి. ఇన్ఫెక్షన్ రక్తస్రావాన్ని తిరగబెడుతుంది కాబట్టి సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 1 గ్రాము ఇవ్వాలి. 12 గంటల్లోపు ఎండోస్కోపీ చేసి చిట్లిన సిరకు బ్యాండు వేయాలి. బార్సిలోనా అధ్యయనంలో కాలేయం బాగా చెడిన చైల్డ్ ‘సి’ తరగతివారికి రక్తం పొదుపుతో ప్రాణలాభం స్పష్టంగా కనిపించలేదు. వారిలో తగినవారికి 72 గంటల్లోపు కాలేయం గుండా గొట్టం అమర్చి, పోర్టల్ రక్తానికి నేరుగా దారి ఇచ్చే టిప్స్ అవసరమవుతుంది.