నిషేధిత జాబితాలో ముప్పై గుంటలు

సోమవారం పొద్దున పదిన్నర. కలెక్టరేట్‌లో ప్రజావాణి వరుస వరండా దాటి మెట్ల దాకా వచ్చింది. మీ ముందు నిలబడ్డ పెద్దాయన చంకలో ప్లాస్టిక్ కవరు. పాత పాసుపుస్తకం, పహాణీ నకళ్లు, ఆధార్ జిరాక్సు, ఇదివరకటి అర్జీల రసీదులు అన్నీ అందులోనే. ఒక కాగితం తీసి మీ చేతిలో పెడతాడు.

"జర సూడు బిడ్డా, ఇండ్ల నా నంబరు ఉన్నదా?"

ఉంది. చిక్కంతా అదే. ఆ సర్వే నంబరులో రెండెకరాలు సర్కారువి. మిగతాదంతా పట్టా భూమి, అందులో ఈయనవి ముప్పై గుంటలు. 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక చూసుకుంటే నంబరు నంబరంతా నిషేధిత జాబితాలో ఉంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద ఆ జాబితాకెక్కిన భూమిని అమ్మలేడు, కొడుకు పేర రాయించలేడు. సర్కారు రెండెకరాలకే పెట్టాల్సిన టిక్కును ఎవరో మొత్తానికి పెట్టేశారు. ఎవరన్నది మీ చేతిలోని ఏ కాగితమూ చెప్పదు.

నన్ను భయపెట్టేది ఆ టిక్కే. దాని మీద ఏ సభలోనూ చర్చ జరగలేదు. 2023 డిసెంబరులో ప్రభుత్వమే మారింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. టిక్కు మాత్రం కదల్లేదు. ఎమ్మెల్యేనైతే ఐదేళ్లకొకసారైనా ఊరు నిలదీస్తుంది. టిక్కు పెట్టిన చేతిని అడగడానికి ఈ ముసలాయన దగ్గర ఏ ఓటూ లేదు. విచారణ లేకుండా అధికారిని కొలువు నుంచి తీసేయకుండా రాజ్యాంగం 311వ అధికరణం కాపాడుతుంది. కాపాడాలి కూడా. దొంగ సంతకం పెట్టనని మంత్రికే ఎదురు చెప్పే తహసీల్దారుకు అదే అండ. ఈయనకు ఏది అండ?

వరుస కదిలింది. లోపల పొడవాటి బల్ల, శాఖకొకరు చొప్పున అధికారులు, నడుమ కలెక్టర్. వారెన్ హేస్టింగ్స్ 1772లో శిస్తు వసూలు కోసం పెట్టిన కొలువు, నేటికీ అదే పేరు. కుర్చీలో ఉన్నావిడకు ముప్పై ఏళ్లు దాటి ఉండవు.

"కూర్చో తాతా," అంటుంది. అర్జీ ఆసాంతం చదువుతుంది. హద్దులు అడుగుతుంది, పహాణీ తిప్పి చూస్తుంది. ఇన్ని సోమవారాల్లో ఆయన్ను కూర్చోమన్నది ఈవిడొక్కతేనట. ఆకుపచ్చ సిరాతో ఒక వాక్యం రాసి పక్కకు ఇస్తుంది. గుమస్తా ముద్ర వేసి రసీదు చింపుతాడు.

"మెసేజ్ వస్తది పెద్దయ్యా. నెక్స్ట్!"

వరండాలోకి వచ్చాక రసీదు మళ్లీ మీకే ఇస్తాడు. "ఏం రాసిండ్రు బిడ్డా?"

మీరు చదువుతారు. 'తహసీల్దారు గారికి, పరిశీలించి నివేదిక పంపగలరు.'

"ఏ తహసీల్దారు?"

"మీ మండలమే, తాతా."

ఆయన మాట్లాడడు. కవరులోంచి పాత రసీదులు తీసి, ఒక్కొక్కటిగా మీ ముందు పరుస్తాడు. అన్నిటి మీదా అదే వాక్యం.