మోసపోయినవాడి చరిత్ర

మా మాస్టారు మోసపోయారని తెలిసిన రోజు మా స్టాఫ్‌రూములో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు దగ్గరనుంచే ఈ వ్యాసం మొదలుపెట్టక తప్పదు.

ఆయన నాకు హైస్కూల్లో తెలుగు చెప్పారు. 'కన్యాశుల్కం' మొదటిసారి నా చెవిన పడింది ఆయన గొంతులోనే. రిటైరై పదిహేనేళ్లు దాటింది. కిందటేడు ఒకనాటి ఉదయం ఆయనకు ఫోనొచ్చింది. అవతలివాళ్లు ముంబయి పోలీసులమన్నారు. ఆయన ఆధార్ నంబరు మీద విదేశానికి వెళ్తున్న పార్సిల్లో మత్తుమందు దొరికిందన్నారు. ఆ క్షణం నుంచీ ఆయన 'డిజిటల్ అరెస్టు'లో ఉన్నట్టేనన్నారు. రెండు రోజులు గది తలుపు వేసుకుని ఫోను ముందు కూర్చున్నారాయన. మూడోరోజు బ్యాంకుకు వెళ్లి, దాచుకున్న పదకొండు లక్షలూ 'తనిఖీ కోసం' వాళ్లు చెప్పిన ఖాతాకు పంపారు. "అంత చదువుకున్నాయన, ఇంత తేలిగ్గా ఎలా పడ్డాడండీ?" అన్నాడు మా లెక్కల మాస్టారు.

ఈ ప్రశ్నకు లోకం దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి ఆశ, రెండోది అజ్ఞానం. రెండూ తప్పును పోగొట్టుకున్నవాడి నెత్తినే పెడతాయి. రెండూ వినేవాడికి హాయిగా ఉంటాయి, ఎందుకంటే తనకు ఆ రెండూ లేవని ప్రతివాడి నమ్మకం. కాని చరిత్రను కాస్త తిరగేస్తే ఈ జవాబులు నిలబడవు.

ఫ్రాన్సులో విడాక్ అనే ఆయన ఉండేవాడు. మొదట దొంగ, తరువాత పోలీసు గూఢచారి శాఖకు అధిపతి. 1828లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో, జైలు ఖైదీలు రాసే ఒక రకం ఉత్తరాల గురించి చెప్పాడు. వాటికి 'జెరూసలేం ఉత్తరాలు' అని పేరు. ఫలానా ప్రభువు దగ్గర నౌకరుగా ఉన్నాననీ, విప్లవకాలంలో ప్రభువుతో పాటు పారిపోతూ నగల పెట్టెను మీ ఊరి దగ్గరే దాచామనీ, దానికోసం తిరిగొస్తే పట్టుబడ్డాననీ, కొంచెం డబ్బు పంపితే పెట్టె ఉన్నచోటు చెబుతాననీ వాటి సారాంశం. అలాంటి ఉత్తరాలు నూరు రాస్తే ఇరవైకి జవాబులొచ్చేవని విడాక్ అంటాడు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఉత్తరం అబద్ధం. కాని అందులోని కాలం అబద్ధం కాదు. 1789 తరువాత ఫ్రెంచి ప్రభువులు నిజంగానే దేశం విడిచి పారిపోయారు, నిజంగానే నగలూ వెండీ దాచిపెట్టారు. ఆ సంగతి ప్రతి ఊళ్లోనూ తెలుసు. ఖైదీ కల్పించింది ఒక్క పెట్టెను మాత్రమే. మిగిలిన కథంతా చరిత్ర ముందే రాసిపెట్టింది.

నైజీరియా ఉత్తరాలదీ ఇదే తంతు. 1980ల్లో చమురు ధర పడిపోయి అక్కడి చదువుకున్న యువకులకు ఉద్యోగాలు కరువైన రోజుల్లో ఈ వ్యాపారం పెరిగింది. మొదట తపాలాలో, తరువాత ఫ్యాక్సులో, ఆ తరువాత ఈమెయిల్లో సాగింది. ఆ దేశపు శిక్షాస్మృతిలోని సెక్షను సంఖ్యే, 419, ఈ మోసానికి పేరైపోయింది. 1998లో నియంత సానీ అబాచా చనిపోయాక, ఆయన భార్య రాస్తున్నట్టుగా, రహస్య ఖాతాల్లోని కోట్లను బయటికి తేవడానికి సాయం చేయమంటూ ఉత్తరాలు ప్రపంచమంతా తిరిగాయి. చదివినవాళ్లు నవ్వుకున్నారు. అయితే అబాచా దోచుకున్న కోట్ల డాలర్లు స్విట్జర్లాండు బ్యాంకుల్లో నిజంగానే ఉన్నాయి, తరువాత వాటిలో చాలా భాగం నైజీరియాకు తిరిగి చేరింది కూడా. దొంగ ఉత్తరం రాసినవాడు ఒక దేశాధినేత దోపిడీని ఆధారం చేసుకున్నాడు. ఆ దోపిడీకి తలుపు తెరిచిన బ్యాంకులను చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఇంత బాహాటమైన అబద్ధం ఎందుకు చెబుతారన్న దానికి కార్మాక్ హెర్లీ అనే మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు 2012లో లెక్కగట్టి జవాబిచ్చాడు. ఉత్తరాలు పంపడానికి ఖర్చు లేదు. జవాబిచ్చినవాడితో నెలల తరబడి మాట్లాడటానికే ఖర్చు. అంచేత అనుమానించేవాళ్లు మొదట్లోనే నవ్వుకుని తప్పుకోవడం మోసగాడికి లాభం. కథ ఎంత అసంభవంగా ఉంటే జల్లెడ అంత బాగా పనిచేస్తుందన్నమాట. మంచి వివరణే. కాని ఇది వ్యాపారి వైపునుంచి చెప్పిన మాట. జల్లెడలో మిగిలినవాడు ఎందుకు మిగిలాడో ఇది చెప్పదు.

అది చెప్పినవాడు మనకు గురజాడ. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, తాను గుంటూరు శాస్త్రుల వేషం కట్టి, లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అమ్మేశాడు. మగపిల్లవాణ్ణి పెళ్లికూతురని నమ్మించడం కన్నా పచ్చి మోసం ఏముంటుంది? లుబ్ధావధాన్లు పిసినారి కనక, తక్కువకొస్తోందన్న ఆశకొద్దీ పడ్డాడని మనం తరగతిలో చెప్పేస్తాం. మరి రామప్పంతులు మాటేమిటి? దొంగ కాగితాలు పుట్టించడంలో చేయితిరిగినవాడే, ఈ బేరంలో మధ్యవర్తిగా తిరిగి బోర్లాపడ్డాడు. దీనికి జవాబు నాటకం ముందుమాటలోనే ఉంది. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారుచేయిస్తే 1034 తేలాయని గురజాడ రాశాడు. వాటిలో ఏడాది నిండీ నిండని పసికందుల పెళ్లిళ్లూ ఉన్నాయి. ఆడపిల్ల సరుకై, బేరమూ దస్తావేజూ ఆచారమైన చోట, ఊరూపేరూ తెలియని శాస్త్రి ఒక పిల్లను వెంటబెట్టుకు రావడం ఎవరికీ వింతగా కనిపించదు. ఆ పెద్ద మోసం అమల్లో ఉంది కనకనే ఈ చిన్న మోసం పారింది.

అయితే ఒక తేడా మరువరాదు. లుబ్ధావధాన్లు కొనేవాడు, పసిపిల్లను కొనడానికి సిద్ధపడ్డ ముసలివాడు. గురజాడ ఆ నవ్వును కొనేవాడి మీద గురిపెట్టాడు. మనం దాన్నే పోగొట్టుకున్నవాడి మీదకు మళ్లించాం. సినిమాల్లో, హాస్యకథల్లో మోసపోయిన పల్లెటూరివాడు మనకు ఎన్నాళ్లు నవ్వులపాలయ్యాడో రచయితలుగా మనమే లెక్క చూసుకోవాలి.

ఇక మన కాలానికొస్తే, 'డిజిటల్ అరెస్టు' అనేది భారతదేశపు ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలో ఆ సంగతి చెప్పవలసి వచ్చింది. అదే ఏడు దేశంలో పేరున్న ఒక వస్త్ర పరిశ్రమాధిపతి, 82 ఏళ్ల పెద్దమనిషి, 7 కోట్లు పోగొట్టుకున్నాడు. ఆయన కోసం దొంగ సుప్రీంకోర్టే ఏర్పాటుచేసి, ప్రధాన న్యాయమూర్తి పేరుతో విచారణ నడిపించారు. అజ్ఞాన సిద్ధాంతం ఇక్కడ కూలిపోతుంది. ఆశ సిద్ధాంతమూ అంతే, ఎందుకంటే ఇందులో లాభం ఎర లేదు. ఉన్నది భయం. ఆ భయాన్ని ఫోను చేసినవాడు పుట్టించలేదు. నేరం రుజువు కాకుండానే ఏళ్లకేళ్లు జైళ్లలో మగ్గేవాళ్ల వార్తలు రోజూ చదివే దేశంలో, 'మీ పేరు కేసులో ఉంది' అన్న మాట చాలు.

ఫోనుకు అవతలివైపు ఎవరున్నారన్నది కూడా అడగాలి. 2023లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం ఇచ్చిన నివేదిక ప్రకారం మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఇలాంటి పనుల్లో బలవంతంగా ఉన్నారు. 2024 మేలో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్లి కంబోడియాలో చిక్కుకున్న విశాఖ ప్రాంతపు యువకుల సంగతి బయటపడింది. ఎవరో ఒక ఏజెంటుకు అప్పుచేసి డబ్బు కట్టి, పాస్‌పోర్టు పోగొట్టుకుని, దెబ్బలు తింటూ సాటి భారతీయులకు ఫోన్లు చేసినవాళ్లు వాళ్లు. మోసపోయినవాడి నోటితోనే మరొకణ్ణి మోసగించే ఈ ఏర్పాటులో లాభం తీసేవాడి గొంతు మనకు వినబడనే వినబడదు.

చాలా రోజులకు ధైర్యం చేసి మాస్టారింటికి వెళ్లాను. ఆయనే ఎత్తారు.

"వాడు నా ఆధార్ నంబరు తప్పులేకుండా చెప్పాడోయ్. ఎక్కడెక్కడ ఇవ్వలేదు అది? సిమ్ముకిచ్చాను, గ్యాసుకిచ్చాను, బ్యాంకుకిచ్చాను. బతికే ఉన్నానని ఏడాదికోసారి వేలిముద్ర వేస్తున్నాను. ఆఫీసువాళ్లు ఏ కాగితం అడిగితే ఆ కాగితం ఇచ్చాను. ఎందుకని ఒక్కసారన్నా అడిగానా? వీణ్ణి మాత్రం ఎలా అడుగుతాను?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి ఆయనే, "పిల్లలకు కన్యాశుల్కం చదివి వినిపిస్తున్నావా?" అన్నారు.

"వినిపిస్తున్నానండి."

"మహేశం ఆడవేషం దగ్గర నవ్వుతారా?"

"బాగా నవ్వుతారు మాస్టారూ."

"నేనూ బాగానే నవ్వించేవాణ్ణి" అన్నారాయన. ఇంతలో పక్కనున్న ఫోను మోగింది. ఎవరో చూడమని నా చేతికిచ్చారు.