జన్యువు: ఒక భావన చరిత్ర

జీవి లక్షణాలను ఒక తరం నుంచి మరో తరానికి చేరవేసే వారసత్వ ప్రమాణం జన్యువు. ఇది డీఎన్ఏ పోగులో ఒక భాగం. ఒక ప్రోటీను గాని, కణంలో పనికివచ్చే ఒక ఆర్ఎన్ఏ అణువు గాని తయారు కావడానికి కావలసిన సమాచారం ఇందులో ఉంటుంది. కొన్ని వైరసుల్లో మాత్రం జన్యువులు ఆర్ఎన్ఏతోనే తయారవుతాయి. ఇంటర్మీడియట్ విద్యార్థి రెండు వాక్యాల్లో కంఠస్థం చేసే ఈ నిర్వచనం వెనక నూట యాభై ఏళ్లకు పైబడిన అన్వేషణ ఉంది. జీవశాస్త్రంలో ఇన్నిసార్లు అర్థం మారినా పేరు మారకుండా నిలిచిన మాటలు అరుదు. ఆ మార్పులు ఎందుకు వచ్చాయో తెలిస్తేనే నిర్వచనం బోధపడుతుంది.

మెండెల్ బఠానీలు

గ్రెగర్ మెండెల్ 1856 నుంచి 1863 వరకు నేటి చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో మఠం తోటలో దాదాపు 28,000 బఠానీ మొక్కలు పెంచాడు. గుండ్రటి గింజల మొక్కనూ ముడతల గింజల మొక్కనూ సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటి గింజలే వచ్చాయి. వాటిని ఆత్మపరాగ సంపర్కానికి వదిలితే రెండో తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి లెక్క తేలాయి. అంటే సుమారుగా మూడుకు ఒకటి. తల్లి గుణం, తండ్రి గుణం రెండు రంగులు కలిసినట్టు కలిసిపోతాయని అప్పటివారి నమ్మకం. ముడతల గుణం కలిసిపోయి ఉంటే మళ్లీ చెక్కుచెదరకుండా బయటపడేది కాదు. కాబట్టి ప్రతి లక్షణానికీ విడివిడిగా, జతలుగా ఉండే కారకాలున్నాయని మెండెల్ తేల్చాడు. 1866లో అచ్చయిన ఆ పత్రాన్ని పట్టించుకున్నవారు చాలా తక్కువ.

రెండేళ్ల తర్వాత, 1868లో, చార్లెస్ డార్విన్ మరో ఊహ చేశాడు. శరీరంలోని ప్రతి భాగం నుంచీ సూక్ష్మ కణికలు బయలుదేరి జననాంగాల్లో పోగవుతాయన్నాడు. హ్యూగో డి వ్రీస్ 1889లో దీన్ని సవరించి, ఆ కణికలు ఒళ్లంతా తిరగవనీ, కణం లోపలే ఉంటాయనీ చెప్పి వాటిని పాంజీన్లు అన్నాడు. 1900లో డి వ్రీస్, కార్ల్ కోరెన్స్, ఎరిక్ వాన్ షెర్మాక్ మెండెల్ పత్రాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అప్పటికి మెండెల్ చనిపోయి పదహారేళ్లయింది.

యోహాన్సెన్ పెట్టిన పేరు

డెన్మార్క్ వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ యోహాన్సెన్ చిక్కుడు జాతి గింజల మీద పనిచేశాడు. ఒకే మొక్క నుంచి ఆత్మపరాగ సంపర్కంతో వచ్చిన సంతతిలో కొన్ని గింజలు పెద్దవి, కొన్ని చిన్నవి. పెద్ద గింజలనే ఏరి నాటినా తర్వాతి పంట సగటు బరువు పెరగలేదు. గింజ సైజులో తేడా నేల, నీరు, కాయలో గింజ ఉన్న చోటు వల్ల వచ్చిందే తప్ప వారసత్వం వల్ల కాదు. కంటికి కనిపించేది వేరు, సంతతికి అందేది వేరు అని ఈ ప్రయోగం తేటతెల్లం చేసింది. మొదటిదాన్ని దృశ్యరూపం, రెండోదాన్ని జన్యురూపం అంటున్నాం. 1909లో వెలువడిన జర్మన్ గ్రంథంలో యోహాన్సెన్ ఈ రెండు పేర్లతోపాటు జీన్ (మనం జన్యువు అంటున్నది) అనే పొట్టి పేరునూ పెట్టాడు.

ఆ పేరు పెట్టడంలో ఆయన చూపిన నిగ్రహం గొప్పది. జన్యువు దేనితో తయారైంది, కణంలో ఎక్కడుంది, ఎంత పెద్దది అన్న ప్రశ్నలకు ఆయన జవాబు ఊహించలేదు. ఏ సిద్ధాంతానికీ ముడిపెట్టకుండా, గింజల లెక్కల్లో నిజంగా తేలినదానికి మాత్రమే పేరు పెట్టాడు. డార్విన్ కణికలు, డి వ్రీస్ పాంజీన్లు తమ సిద్ధాంతాలతోపాటే కనుమరుగయ్యాయి. యోహాన్సెన్ మాట నిలిచింది. తర్వాతి తరాలవారు తాము కనుగొన్నదాన్ని అందులో చేర్చుకుంటూ పోయారు.

క్రోమోసోము మీద చోటు

వారసత్వ కారకాలు కణంలో పోగుల్లా కనిపించే క్రోమోసోముల మీదే ఉండాలని వాల్టర్ సటన్, థియోడోర్ బొవెరి 1902, 1903 నాటికే వాదించారు. రుజువు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో దొరికింది. 1910లో థామస్ హంట్ మోర్గాన్ పెంచుతున్న ఎర్ర కళ్ల పండ్ల ఈగల్లో తెల్ల కళ్ల మగ ఈగ ఒకటి కనబడింది. ఆ గుణం ఎక్స్ క్రోమోసోముతోపాటే నడుస్తోందని సంకరాలు చేసి చూపాడు. ఆయన దగ్గర చదువుకుంటున్న ఆల్ఫ్రెడ్ స్టర్టివంట్ 1913లో తొలి జన్యు పటాన్ని ప్రచురించాడు. రెండు లక్షణాలు ఎంత తరచుగా విడిపోతే వాటి జన్యువులు క్రోమోసోము మీద అంత దూరంగా ఉన్నట్టు లెక్క. దాంతో జన్యువులు దారానికి గుచ్చిన పూసల్లా ఉంటాయన్న చిత్రం శాస్త్రజ్ఞుల మనసుల్లో స్థిరపడింది. అయినా 1934లో నోబెల్ ఉపన్యాసం ఇస్తూ మోర్గాన్, జన్యువులు నిజమైన పదార్థాలా, కేవలం ఊహలా అన్న విషయంలో తమవాళ్లలో ఏకాభిప్రాయం లేదని ఒప్పుకున్నాడు. పటం గీసినవాళ్లకే ఆ చుక్కలేమిటో తెలియదు!

ఆ లోటును రసాయనశాస్త్రం తీర్చింది. జార్జ్ బీడిల్, ఎడ్వర్డ్ టాటమ్ 1941లో రొట్టె బూజు మీద ప్రయోగాలు చేసి, ఒక్కో జన్యువు ఒక్కో ఎంజైమును శాసిస్తుందన్నారు. న్యూమోనియా బాక్టీరియాలో లక్షణాన్ని మార్చే పదార్థం డీఎన్ఏయేనని 1944లో ఆస్వాల్డ్ ఎవరీ బృందం చూపింది. డీఎన్ఏ జంట మెలికల నిచ్చెనలా ఉంటుందని 1953లో తేలింది. అందులో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఎక్స్ కిరణ చిత్రాల పాత్ర ఉంది.

పగిలిన పూస

డీఎన్ఏ నిర్మాణం తెలిశాక, జన్యువులు పూసల్లా ఉంటాయన్న పాత చిత్రం నిలవలేదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో సీమూర్ బెంజర్ బాక్టీరియాను చంపే టీ4 అనే వైరసులో ఒక చిన్న ప్రాంతాన్ని పట్టుకుని, వేలకొద్దీ ఉత్పరివర్తనాలను సేకరించి పోల్చాడు. ఒకే జన్యువు లోపల కూడా తెగి అతుక్కోవడం జరుగుతోందని తేలింది. అప్పటిదాకా ఉత్పరివర్తనం చెందేదీ, తెగి అతుక్కునేదీ, పని చేసేదీ ఒకటే అనుకునేవారు. మూడూ వేర్వేరు కొలతలని చెబుతూ బెంజర్ 1957లో మ్యూటాన్, రికాన్, సిస్ట్రాన్ అని పేర్లు పెట్టాడు. మొదటి రెండూ కాలగర్భంలో కలిశాయి. సిస్ట్రాన్ ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

జన్యువు లోపల జరిగే ఒక చిన్న మార్పుకు ఎంత బలముందో వైద్యం చూపించింది. సికిల్ సెల్ అనే వారసత్వ రక్త జబ్బున్నవారి హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటే తేడా ఆరో స్థానంలో ఒక్కటే. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. వెర్నన్ ఇంగ్రామ్ 1950ల చివర్లో దీన్ని తేల్చాడు. డీఎన్ఏలోని ఏ వరస ఏ అమైనో ఆమ్లాన్ని సూచిస్తుందో తెలిపే జన్యు సంకేతాన్ని విప్పినందుకు 1968లో నోబెల్ పంచుకున్న హరగోవింద్ ఖొరానా, ఆ తర్వాత 77 జతల క్షారాలతో ఒక పూర్తి జన్యువును ప్రయోగశాలలో రసాయనాలతో కూర్చాడు.

పాత చిత్రానికి మరో దెబ్బ 1977లో తగిలింది. అడినోవైరసు మీద పనిచేస్తున్న ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు, జన్యువు ఒకే వరసలో సాగే సందేశం కాదని కనుగొన్నాయి. మధ్యమధ్య ప్రోటీనుకు అక్కరలేని ముక్కలుంటాయి. ఆర్ఎన్ఏ తయారయ్యాక కణం వాటిని కత్తిరించి మిగతావి అతుకుతుంది. వాల్టర్ గిల్బర్ట్ 1978లో తీసేసే ముక్కలకు ఇంట్రాన్లు, ఉంచే ముక్కలకు ఎక్సాన్లు అని పేర్లు పెట్టాడు. ఎక్సాన్లను వేర్వేరు విధాల కలిపి ఒకే జన్యువు నుంచి అనేక ప్రోటీన్లు తయారు కావచ్చు. బీడిల్, టాటమ్‌ల సూత్రానికి అక్కడితో కాలం చెల్లింది. జన్యువును పనిచేయించే, ఆపే నియంత్రణ భాగాలుంటాయని ఫ్రాంస్వా జాకబ్, జాక్ మొనో 1961లోనే చెప్పారు. మనిషిలో ఆ భాగాలు జన్యువుకు చాలా దూరంలో కూడా ఉండవచ్చు. మరి జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? మనిషి డీఎన్ఏను చదివి 2003లో ముగిసిన మానవ జీనోమ్ ప్రాజెక్టు కూడా దీనికి ఒక్కమాటలో జవాబివ్వలేదు. లక్ష దాకా ఉంటాయనుకున్న ప్రోటీను జన్యువులు సుమారు 20,000 అని తేలాయి.

పొలంలో, ఆస్పత్రిలో

నిర్వచనం మీద వాదన తెగకపోయినా జన్యువును ఒక జీవి నుంచి మరో జీవికి మార్చడం 1973 నుంచి సాధ్యమైంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్ బి టీకా ఈ పద్ధతిలో వచ్చిందే. 2002లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో అనుమతి పొందిన బీటీ పత్తిలో మట్టి బాక్టీరియా జన్యువు ఉంది.

సికిల్ సెల్ జబ్బుకు జన్యు సవరణ చికిత్సను బ్రిటన్, అమెరికా 2023 చివర్లో ఆమోదించాయి. ఇందులో పాడైన హిమోగ్లోబిన్ జన్యువును ముట్టుకోరు. బీసీఎల్11ఏ అనే మరో జన్యువును నియంత్రించే చిన్న భాగాన్ని కత్తిరిస్తారు. దాంతో పుట్టాక తగ్గిపోయే గర్భస్థ శిశు హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. అమెరికాలో ఒక్కో రోగికి దీని ధర 22 లక్షల డాలర్లు. ఆదిలాబాద్, విశాఖ ఏజెన్సీ గూడేల్లో ఈ జబ్బుతో బతుకుతున్నవారికి ఇది అందే ధర కాదు. అక్కడి కుటుంబాలకు ఈనాడు అందుబాటులో ఉన్న నివారణ మార్గం రక్తపరీక్ష. జతలో ఒక్క జన్యువు మాత్రమే పాడై, జబ్బు లేకుండా ఉండే ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే మిగతావారు పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవాలి.