టెక్సస్‌లో కరెంటు పోయిన వారం

2021 ఫిబ్రవరి 15, సోమవారం. తెల్లవారుజామున 1 గంట 55 నిమిషాలకి టెక్సస్ విద్యుత్ గ్రిడ్ పౌనఃపున్యం 59.302 హెర్ట్జ్‌కి పడిపోయింది. ఉండవలసింది 60. చూడడానికి ఇదేమంత తేడా కాదు. కానీ 59.4కి దిగువన తొమ్మిది నిమిషాలు గడిస్తే జనరేటర్లు తమను తాము కాపాడుకోవడానికి గ్రిడ్ నుంచి విడిపోవడం మొదలుపెడతాయి. ఆ రాత్రి అలా 4 నిమిషాల 23 సెకన్లు గడిచాయి. ఈలోగా గ్రిడ్‌ని నడిపే ఎర్కాట్ సంస్థ ఆదేశాల మీద పంపిణీ కంపెనీలు పేటల తర్వాత పేటలకు సరఫరా ఆపుతూ పోయాయి. గ్రిడ్ నిలిచింది. దాన్ని నిలబెట్టడానికి ఆపిన విద్యుత్తు ఒక దశలో 20,000 మెగావాట్లు. ఆపరేటర్లు తమ చేతులతో విధించిన కోతల్లో అమెరికా చరిత్రలో ఇదే అతి పెద్దది. 45 లక్షలకు పైగా ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది.

ఆ ఇళ్ళున్న రాష్ట్రంలోనే డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్ళలో, హ్యూస్టన్, ఆస్టిన్ శివార్లలో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. తెలుగునాట పుట్టి పెరిగినవారికి కరెంటు కోత కొత్త కాదు. కోత వేళలు పత్రికల్లో చూసుకొని మోటార్లు వేసుకున్న తరం అది. అయితే ఆ అనుభవం ఇక్కడ అక్కరకు రాలేదు సరికదా, కొంత తప్పుదోవ కూడా పట్టించగలదు. తెలుగునాట కోత వేసవి సంగతి. కరెంటు పోతే దీపం, పంకా పోతాయి. డాబా మీద పక్క వేసుకుంటే రాత్రి గడిచిపోతుంది. గడ్డకట్టే చలిలో బయటకు పోవడానికి దారి లేదు. ఇంటి వెచ్చదనం, వంట, చివరికి కుళాయిలో నీళ్ళు కూడా ఆ తీగకే వేలాడుతుంటాయి.

టెక్సస్‌లో పదింట సుమారు ఆరు ఇళ్ళు కరెంటుతోనే వెచ్చబడతాయి. చాలా ఇళ్ళలో ఉండేది హీట్ పంప్. ఒక మోస్తరు చలిలో ఇది పొదుపైన యంత్రం. చలి బాగా ముదిరితే దానికి తోడుగా విద్యుత్ తీగచుట్టలు వేడెక్కడం మొదలై వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. అంటే చలి పెరిగినకొద్దీ, సరఫరాకి కష్టమైన గంటలోనే, ప్రతి ఇల్లూ ఎక్కువ అడుగుతుంది. గ్యాస్ ఫర్నేసు ఉన్నవాళ్ళు ధీమాగా ఉండవచ్చనుకుంటారు కానీ, దానిలో నిప్పు రాజుకోవడానికీ, వేడిగాలిని గదుల్లోకి నెట్టే పంకా తిరగడానికీ కరెంటే కావాలి. పైగా ఇవి ఎండ కోసం కట్టిన ఇళ్ళు. నేలమాళిగ ఉండదు. నీటి గొట్టాలు తరచు అటక మీదుగా, వెలుపలి గోడల్లోంచి పోతాయి. ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్ వర్త్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. 1949 తర్వాత అక్కడ అంత చలి లేదు.

ఆ వారం ఇంట్లో ఏం చేయవచ్చో, ఏం చేయడానికి వీల్లేదో చాలావరకు దశాబ్దాల ముందే నిర్ణయమైపోయింది. 1935లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టంతో, రాష్ట్రాల సరిహద్దు దాటి జరిగే టోకు విద్యుత్ అమ్మకాలు కేంద్ర ప్రభుత్వపు అజమాయిషీలోకి వచ్చాయి. టెక్సస్ కంపెనీలు దీనికి కనిపెట్టిన విరుగుడు సులువైనది: తీగ సరిహద్దు దాటకపోతే సరి. 1970లో ఎర్కాట్ ఏర్పడేనాటికి ఈ ఒంటరితనం ఒక సంప్రదాయంగా స్థిరపడింది. 1976 మే 4 రాత్రి ఒక కంపెనీ టెక్సస్‌లోని వెర్నన్ నుంచి ఓక్లహోమాలోని ఆల్టస్‌కి రహస్యంగా కరెంటు పంపింది. సంగతి తెలియగానే మిగతా పెద్ద కంపెనీలు దానితో తమ లింకులు తెంచుకున్నాయి. ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచి, చివరికి డైరెక్ట్ కరెంటు లింకులతో రాజీ కుదిరింది. ఆ లింకులు కేంద్రం అజమాయిషీ తేకుండానే కొద్దిపాటి విద్యుత్తును అటూ ఇటూ పంపగలవు. మెక్సికోవైపు ఉన్నవి కూడా కలుపుకొని 2021 నాటికి వాటి మొత్తం సామర్థ్యం సుమారు 1,200 మెగావాట్లు. తగ్గించవలసి వచ్చింది 20,000.

ఒంటరి గ్రిడ్ అన్నది తెలుగువారికీ తెలిసిన వ్యవహారమే. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు భారతాల్లో గ్రిడ్లు కూలి కోట్లమంది చీకట్లో ఉంటే ఆంధ్రప్రదేశ్‌కి ఏమీ కాలేదు. దక్షిణ గ్రిడ్ అప్పటికి దేశపు గ్రిడ్‌తో ఏకమవలేదు. రెండిటి మధ్యా ఉన్నవి డైరెక్ట్ కరెంటు లింకులే. అదే ఒంటరితనం వల్ల, కొరత ఉన్న రోజుల్లో ఉత్తరాదిన మిగులున్నా తెచ్చుకోవడానికి చాలినంత దారి ఉండేది కాదు. 2013 చివరి రోజున రాయచూరు-షోలాపూరు లైనుతో ఆ ఏర్పాటు ముగిసింది. దక్షిణానికి అది సాంకేతిక పరిమితి మాత్రమే. టెక్సస్‌ది కోరి తెచ్చుకున్నది.

అయినా నేరమంతా ఒంటరితనం మీద మోపడం సరికాదు. పొరుగు రాష్ట్రాలూ ఆ వారం చలితో సతమతమయ్యాయి. కొన్నిచోట్ల కోతలూ విధించాయి. అసలు జబ్బు ఇంకా లోపల ఉంది. 1989 డిసెంబరు చలిలో టెక్సస్ కరెంటు కేంద్రాల్లో పరికరాలు గడ్డకట్టి కోతలు పెట్టవలసి వచ్చింది. 2011 ఫిబ్రవరి 2న మళ్ళీ అదే జరిగింది. ఆ రోజు తగ్గించినది 4,000 మెగావాట్లు. రెండుసార్లూ విచారణలు జరిగాయి, రెండుసార్లూ చలికి తట్టుకునేలా కేంద్రాలను కప్పి భద్రపరచమని సిఫారసులు వచ్చాయి. పాటించడం మాత్రం కంపెనీల ఇష్టానికి వదిలేశారు. అమ్మిన యూనిట్ల మీదే రాబడి వచ్చే మార్కెట్లో, పదేళ్ళకోసారి వచ్చే చలి కోసం డబ్బు పెట్టేవారు తక్కువ.

2021లో టెక్సస్, పొరుగు ప్రాంతాలు కలిపి 1,045 జనరేటింగ్ యూనిట్లు ఏదో ఒక స్థాయిలో దెబ్బతిన్నాయి. గాలిమరలు గడ్డకట్టడమే కారణమని కొందరు నాయకులు టీవీల్లో చెప్పారు కానీ, ఆ యూనిట్లలో సగానికి పైగా గ్యాసుతో నడిచేవి. మరో విడ్డూరం: గ్యాసును తోడి పంపే కేంద్రాల్లో కొన్ని తమకు కరెంటు అత్యవసరమని ముందుగా నమోదు చేసుకోలేదు. కోతలో వాటికీ సరఫరా ఆగింది. గ్యాసు తగ్గి కరెంటు తగ్గింది, కరెంటు తగ్గి గ్యాసు తగ్గింది.

ఎల్ పాసో కథ వేరు. టెక్సస్‌లోనే ఉన్నా ఆ ఊరు ఎర్కాట్‌లో లేదు, పశ్చిమ గ్రిడ్‌లో ఉంది. 2011లో బాగా దెబ్బతిన్నాక అక్కడి కంపెనీ చలికి తట్టుకునే కేంద్రాల మీద డబ్బు పెట్టింది. 2021లో అక్కడ కరెంటు పోయింది కొద్దిమందికే, అదీ కొద్దిసేపే.

మిగతా రాష్ట్రానికి చెప్పింది వంతులవారీ కోత అని. ఆస్పత్రుల వంటివి ఉన్న లైన్లను ముట్టుకోకూడదు. అవి పోగా మిగిలిన లైన్లన్నీ ఆపినా తగ్గించవలసిన బరువుకి బొటాబొటీగా ఉంటే ఇక వంతులు తిప్పడానికి ఏం మిగులుతుంది? అందుకే పెద్ద ఊళ్ళ నడిబొడ్డున ఖాళీ ఆఫీసు భవనాలు వెలుగుతుండగా, మైలు దూరంలో ఇళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం తర్వాత జరిపిన సర్వేలో 69 శాతం మంది తమకు కరెంటు పోయిందన్నారు. పోయినవారికి సగటున 42 గంటలు లేదు.

ఆ గంటల్లో ఇళ్ళలో జరిగింది ఎంతో పాత పద్ధతి సంసారం. ఇల్లంతా వదిలేసి అందరూ ఒకే గదిలో చేరారు. తలుపు కింద సందుల్లో తువాళ్ళు కుక్కి, కిటికీలకు దుప్పట్లు కట్టి, కొందరు గదిలోపలే టెంటు వేసుకున్నారు. ఫ్రిజ్‌లో పాలు, కూరలు పెరటి మంచులోకి వెళ్ళాయి. బాత్‌టబ్ నీళ్ళ తొట్టి అయింది. అది కూడా అయిపోయాక మంచు ఎత్తి తెచ్చి, కరగబెట్టి మరుగుదొడ్లో పోశారు. గ్యాస్ పొయ్యి ఉన్నవారు అగ్గిపుల్లతో వెలిగించి టీ కాచుకోగలిగారు. కరెంటు పొయ్యి ఉన్నవారికి అదీ లేదు. ఫోను చార్జింగుకి కారే గతి. హ్యూస్టన్‌లో ఒక ఫర్నిచర్ దుకాణం యజమాని తన షోరూములు తెరిచి, అమ్మకానికి పెట్టిన పరుపుల మీదే జనాన్ని పడుకోమన్నాడు.

ఎవరి ఇల్లు వారు కాపాడుకునే ఉపాయాలు ఊరికి బరువైన సందర్భాలూ ఉన్నాయి. గొట్టాలు గడ్డకట్టకుండా కుళాయి సన్నగా వదిలి ఉంచమన్నది మంచి సలహాయే. లక్షల ఇళ్ళలో కుళాయిలు కారుతూ, వేలచోట్ల గొట్టాలు పగిలి, పంపులకే కరెంటు లేకపోయేసరికి ఊళ్ళలో నీటి ఒత్తిడి పడిపోయింది. సుమారు సగం రాష్ట్రానికి నీళ్ళు మరిగించి తాగమన్న హెచ్చరిక వచ్చింది. మరిగించడానికి పొయ్యి లేని ఇళ్ళకు కూడా.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోకూడదని పాతకాలం తెలుగిళ్ళలో తెలియనివారు లేరు. ఆ వారం అదే కుంపటి వేరే రూపాల్లో ఇళ్ళలోకి వచ్చింది: పెరట్లో మాంసం కాల్చే గ్రిల్, గరాజ్‌లో ఇంజను ఆపకుండా ఉంచిన కారు, కిటికీ పక్కన పెట్టిన జనరేటర్. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కించిన 246 మరణాల్లో 19 దాని వల్లే. 161 మంది చలికే పోయారు. ఇతర అంచనాలు ఇంకా ఎక్కువ చెబుతాయి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద బతికే వృద్ధుడికి కోత అన్న మాటకి అర్థమే వేరు.

వారం చివర కరెంటు తిరిగి వచ్చాక చాలా ఇళ్ళలో రెండో అంకం మొదలైంది. గొట్టం పగిలేది గడ్డకట్టినప్పుడు, తెలిసేది మంచు కరిగినప్పుడు. ఇల్లు వెచ్చబడుతుండగా అటక మీంచి నీళ్ళు దిగి సీలింగు ఊడి పడింది. ప్లంబర్లు వారాల తరబడి దొరకలేదు.

ఆ ఏడు జూన్‌లో కరెంటు కేంద్రాలను చలికి సిద్ధం చేయడం చట్టం తప్పనిసరి చేసింది. ఆ వారం ఆకాశానికి ఎక్కిన గ్యాసు ధర బకాయిని బాండ్లుగా మార్చి, ఏళ్ళ తరబడి వసూలు చేసుకునే ఏర్పాటు కూడా శాసనసభే చేసింది. ఆ బాండ్ల విలువ 300 కోట్ల డాలర్లకు పైమాటే. ఆ తర్వాత టెక్సస్‌కి వచ్చి స్థిరపడిన కుటుంబం కూడా, గ్యాసు కంపెనీని బట్టి, నెలనెలా బిల్లులో చిన్న మొత్తంగా ఆ బాకీ కడుతూ ఉంటుంది.