జ్ఞాకారము తెచ్చిన చిక్కు

గోదావరీ తీరమున బాసర క్షేత్రమునందు వెలసిన దేవి పేరు జ్ఞానసరస్వతి. వసంతపంచమి నాడు తల్లిదండ్రులు పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని, పలకపైననో పళ్ళెములోని బియ్యముపైననో అక్షరములు దిద్దించుదురు. ఆ దేవి పేరున మొదటి అక్షరము ‘జ్ఞా’. 2018వ సంవత్సరమున వసంతపంచమి జనవరి 22వ తేదీన వచ్చినది. పిమ్మట మూడు వారములు గడచెనో లేదో, ఆ అక్షరమే దేశదేశముల పత్రికల కెక్కినది. కీర్తి వలన కాదు, అపకీర్తి వలన. ఒకానొక తెలుగు అక్షరము ఐఫోనులను కూల్చివేయుచున్నదని ఆ వార్త సారాంశము.

బాసర నేడు నిర్మల్ జిల్లాలోనిది. 2016 అక్టోబరున జిల్లాల విభజన జరుగువరకు ఆదిలాబాదు జిల్లాలోనిదే. అందువలన ఈ కథను ఆదిలాబాదు, కరీంనగరము సీమల అక్షరచరిత్రలో ఒక చిన్న ప్రకరణముగా చెప్పుకొనుట తగును.

జరిగిన దేమనగా, ఆ అక్షరముతో కూడిన సందేశము చేరినంతనే వాట్సాప్, మెసెంజరు, జీమెయిలు వంటి యాప్‌లు ఉన్నపాటున మూతపడెడివి. తెరచినచో మరల మూతపడెడివి. ఏలయన తెరచినంతనే ఆ అక్షరమునే చూపవలసియుండెను. మరియొక మిత్రుడు వేరొక సందేశము పంపి దానిని క్రిందికి త్రోసినగాని కొందరికి విముక్తి కలుగలేదు. సందేశపు సూచన తెరపై కనిపించు సమయముననే పడినచో ఫోను ముఖపత్రమే కూలెడిది. ఈ సంగతిని ఇటలీలోని మొబైల్ వరల్డ్ అను సాంకేతిక పత్రిక మొదట వెల్లడించినది.

అక్షరమును నిందించుట సులభము. చాలమంది ఆ పనియే చేసిరి. తెలుగు లిపి అంత జటిలమైనదా యని పరిహాసమాడిన వారును కలరు. కాని ‘జ్ఞానము’ అని మామూలుగా వ్రాసికొన్న వారి ఫోనులకు ఏ ఆపదయు కలుగలేదు. ఈ ఒక్క సంగతి గమనించియున్నచో సగము వదంతి అప్పుడే అణగిపోయెడిది.

ఇచట కొంత వెనుకకు పోవలసియున్నది. కరీంనగరము జిల్లా గంగాధర మండలమున కురిక్యాల చెంత బొమ్మలమ్మగుట్ట కలదు. వేములవాడ చాళుక్యుల ఆస్థానకవియైన పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దమున ఆ గుట్టపై ఒక శాసనము చెక్కించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలవు. తెలుగు భాగమున మూడు కందపద్యములున్నవి. తెలుగున మనకు దొరికిన తొలి కందపద్యములు అవియే యని పండితులు చెప్పుదురు. మూడు భాషలకును లిపి ఒక్కటియే, నాటి తెలుగు కన్నడముల ఉమ్మడి లిపి. శిల్పి ఉలికి భాషాభేదము లేదు. వత్తు ఎచట దిగవలెనో, దీర్ఘము ఎచట సాగవలెనో అతడు కంటితో చూచి చెక్కెను. అతడు చెక్కిన రూపమే చదువరి చూచు రూపము. నడుమ మరియొకరు లేరు.

కంప్యూటరు మార్గము వేరు. అది రూపమును దాచుకొనదు, ఉచ్చారణక్రమమును దాచుకొనును. మన దేశపు లిపులకై ఏర్పడిన ఇస్కీ సంకేతపద్ధతియందును, దాని ననుసరించి 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంస్కరణమునందును తెలుగునకు ఈ ఏర్పాటే జరిగినది. ‘జ్ఞా’ అనగా నాలుగు సంకేతములు: జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము. తెరపై మాత్రము ఞకారము వత్తుగా క్రిందికి దిగును. చివరనున్న దీర్ఘము వెనుకకు నడచి జకారమును అంటుకొనును. ఈ కూర్పు చేయుటకు ప్రతి ఫోనులోను అడుగున ఒక ప్రత్యేక యంత్రాంగమున్నది. ఆపిల్ వారి ఫోనులలో దాని పేరు కోర్‌టెక్స్ట్. ఆండ్రాయిడ్ ఫోనులలో హార్ఫ్‌బజ్ అను కూర్పరి ఆ పని చేయును. ఇవి సీ, సీ ప్లస్ ప్లస్ వంటి భాషలలో వ్రాయబడి, యంత్రమునకు నేరుగా తెలియు సంకేతములుగా మార్చబడినవి. దీనినే నేటివ్ కోడు అందురు.

పైనుండు యాప్‌ల తీరు మరియొకటి. ఒక్కమారు వ్రాసి, ఐఫోను మీదను ఆండ్రాయిడ్ మీదను నడుపుకొనవలెనను కోరికతో 2015లో ఫేస్‌బుక్ వారు రియాక్ట్ నేటివ్‌ను వెలువరించిరి. గూగుల్ వారి ఫ్లట్టర్ 1.0 సంస్కరణము 2018 డిసెంబరులో వచ్చినది. ఫ్లట్టర్ తన కూర్పరిని తానే వెంట తెచ్చుకొనును. రియాక్ట్ నేటివ్ అట్లుగాక, అక్షరముల పనిని ఆయా ఫోనుల కూర్పరులకే అప్పగించును. కనుక ఆ ఫిబ్రవరి మాసమున రియాక్ట్ నేటివ్‌తో కట్టిన యాప్ జావాస్క్రిప్ట్‌లో ఒక్క తప్పు లేకున్నను ఐఫోనుపై కూలవలసినదే. పైపొరను ఎంత వెదకినను దొరకని దోషమది.

అటువంటి దోషమును పట్టుట ఎట్లు? రేడియో గల గృహస్థులకు దీనిని వేరుగా బోధింపనక్కరలేదు. సెట్టు గరగరలాడినప్పుడు దోషము స్టేషనులోనా, ఏరియలులోనా, సెట్టులోనా యని మనము ముల్లు త్రిప్పి చూతుము. ఒక్క స్టేషనే చెడినచో తప్పు అచ్చటిది. అన్నియు చెడినచో తప్పు మన ఇంటిది. ఇచటను అంతే. వేరువేరు సంస్థల యాప్‌లన్నియు ఒకే సందేశమునకు కూలుచున్నవి కనుక, దోషము యాప్‌లలో లేదు. ఆ సందేశమే ఆండ్రాయిడ్‌పై నిరపాయముగా తెరచుకొనుచున్నది కనుక, దోషము సందేశములోను లేదు. మిగిలినది రెంటి నడుమనున్న పొర.

ఆ పొరలోనికి దిగుటకు ఉపకరించునది, యాప్ కూలినపుడు ఫోను వ్రాసిపెట్టు మరణవృత్తాంతము. ఆండ్రాయిడ్‌లో దీనికి టూంబ్‌స్టోన్, అనగా సమాధిఫలకము, అని పేరు. మన పల్లెల వీరగల్లులు వీరుడు ఎచట, ఎవరితో పోరాడి కూలెనో చెప్పునట్లే, ఈ ఫలకము ఏ పనిని ఏ పని పిలిచెను, తుదకు ఎచట ప్రాణము పోయెను అని వరుసగా చెప్పును. అయితే పేర్లు చెప్పదు. చాలమారులు అంకెలు మాత్రమే చూపును. కోడు కట్టిననాడు వేరుగా దాచిన చిహ్నపట్టికతో సరిచూచినగాని ఆ అంకెలు పేర్లుగా మారవు. ఆ పట్టికను పారవేసిన ఇంజనీరు గతి, లిపి తెలియక శాసనము ముందు నిలిచిన బాటసారి గతియే. ఇంకను లోతుగా చూడవలసినచో 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించిన జీడీబీ, తరువాతి కాలపు ఎల్ఎల్‌డీబీ వంటి శోధనోపకరణములు కలవు. నడుచుచున్న కోడును నిలిపి, ఒక్కొక్క అడుగు వేయించి పరీక్షించుట వాని పని.

ఇంతచేసినను ఒక వంచన మిగులును. కరీంనగరము ప్రాంతపు గొలుసుకట్టు చెరువులను ఎరిగినవారికి ఇది తెలియును. పై చెరువు కట్ట తెగును. మునిగినది మాత్రము క్రింది ఊరి పొలము. నేటివ్ కోడు తనకు కేటాయించిన జ్ఞాపకస్థలపు హద్దు దాటి వ్రాసినపుడు వెంటనే కూలదు. తరువాత ఎప్పుడో, మరియొక పని ఆ చెడిన స్థలమును ముట్టినప్పుడు కూలును. మరణవృత్తాంతములో ఈ రెండవ పనియే దోషిగా కనిపించును. గూగుల్ ఇంజనీర్లు 2012లో వివరించిన అడ్రస్ శానిటైజర్ అను సాధనము ప్రతి గట్టుమీదను ఒక కావలివానిని నిలిపి, హద్దు దాటిన క్షణముననే కేక వేయించును. ‘జ్ఞా’ విషయమున జరిగినదియు ఈ జాతి దోషమే. జ్ఞాపకస్థలము చెడుటయే కారణమని, లోనికి వచ్చు అక్షరములను మరింత జాగ్రత్తగా పరీక్షించుట ద్వారా దానిని సరిచేసితిమని ఆపిల్ సంస్థ ప్రకటించినది. సవరించిన ఐఓఎస్ 11.2.6 ఫిబ్రవరి 19వ తేదీన వెలువడినది.

అంతకు ముందే బయటినుండి, కోడు చూడకయే, దోషపు ఎల్లలు గీసిన ఒకరిని స్మరింపవలెను. మనీష్ గోరెగావ్‌కర్ అను ఇంజనీరు ఒక్కొక్క అక్షరమును మార్చిమార్చి ఫోనుకు చూపెను. అతడు తేల్చిన దేమనగా, కూల్చిన వరుసలో ఉన్నవి నాలుగు సంకేతములు కావు, ఐదు. ఞకారమునకును దీర్ఘమునకును నడుమ కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు ఉన్నది. ‘రాజ్‌కుమార్’ అని వ్రాయునప్పుడు జకారపు పొల్లు నిలిచి, కకారము వత్తుగా దిగకుండ అడ్డుపడునది ఆ గుర్తే. వత్తునకును దీర్ఘమునకును నడుమ దానికి తెలుగులో పనిలేదు. ఎవరో పనిలేనిచోట దానిని ఉంచిరి, కూర్పరి తొట్రుపడెను. ఇట్టి వరుసలు తెలుగులోనే కాక దేవనాగరిలోను, బెంగాలీలోను ఫోనును కూల్చునని కూడ అతడు చూపెను. అనగా అపరాధి జ్ఞాకారము కాదు. 2015 మే మాసమున అరబ్బీ అక్షరములు గల ఒక సందేశము కూడ ఐఫోనులను ఇట్లే కూల్చియుండెను. కూర్పరిని ఏ లిపులతో తక్కువగా పరీక్షింతురో ఆ లిపులే తరచుగా ఇట్టి నిందలకు గురియగుచుండునని నా అభిప్రాయము.

ఆ 2018లోనే జూన్ మాసమున ఆదిలాబాదు నుండి మరియొక లిపి ఫోనుల ప్రపంచమున అడుగిడినది. నార్నూరు మండలమున గుంజాల అను గ్రామము కలదు. అచ్చట లభించిన గోండీ వ్రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు ప్రభృతులు వెలుగులోనికి తెచ్చిరి. యూనికోడు 11వ సంస్కరణము గుంజాల గోండీ లిపికి 63 సంకేతములను కేటాయించినది. 1943లో మార్లవాయిలో హైమండార్ఫ్ పూనికతో గోండు బాలురకు పాఠశాల నెలకొల్పినపుడు వాచకములు గోండీ భాషలోనే వ్రాసిరి గాని, లిపి దేవనాగరి. ఆ పిల్లల మనుమలకు నేడు తమ సీమ లిపియే ఫోనులోనికి వచ్చుటకు ద్వారము తెరచుకొన్నది.

ఆ ద్వారమునకు ఒక గడప ఉన్నది. యూనికోడులో మొదటి 65,536 స్థానములలోనే తెలుగు ఇమిడినది. గుంజాల గోండీకి దాని ఆవల చోటు దొరికినది. జావా, జావాస్క్రిప్ట్ భాషలు ఇట్టి ఒక అక్షరమును రెండు ముక్కలుగా చేసి దాచును. సీ ప్లస్ ప్లస్ కోడు సాధారణముగా నాలుగు బైట్లుగా దాచును. జావా నేటివ్ కోడుతో మాటలాడు వాకిలివద్ద చెల్లు రూపము మరియొకటి. అందు ఆరు బైట్లు. నాలుగు బైట్ల రూపమును అట్లే లోనికి పంపినచో పూర్వపు ఆండ్రాయిడ్ సంస్కరణలలోని పరీక్షకుడు, ఈ బైటు చెల్లదని వ్రాసిపెట్టి, యాప్‌ను అచ్చటనే నిలిపివేయును. తెలుగు అక్షరములతో సంవత్సరముల తరబడి చక్కగా నడచిన యాప్ కూడ ఒక్క గోండీ అక్షరముతో ఆగిపోవుటకు ఇది చాలును. దానిని వ్రాసినవాడు తన జావాస్క్రిప్ట్‌ను ఎన్నిమారులు తిరుగవేసి చదివినను కారణము కనిపించదు.

అందుచేత ఇట్టి యాప్‌లు కట్టువారు విడుదలకు ముందు ఒక చిన్న పరీక్ష చేయవలసియున్నది. గుంజాల గోండీ అక్షరము నొకదానిని పైపొర నుండి అడుగునకు పంపి, తిరిగి పైకి రప్పించి, పోయినది ఒక్కటియే, వచ్చినదియు ఒక్కటియే అని లెక్కింపవలెను. ఆపైన ‘జ్ఞా’ నడుమ విడదీత గుర్తు నుంచి దానినికూడ అట్లే పంపి చూడవలెను.